న్యూజీలాండ్ కవాతు: పోటీ జట్టా, సరదా జట్టా?

1930ల్లో న్యూజీలాండ్‌లో అమ్మాయిల ఆటగా ఊపందుకున్న జట్టు కవాతుకు 1945లో జాతీయ సంఘం ఏర్పడింది. ఇప్పుడు అందులో రెండు దారులున్నాయి.

శ్రమ: పోటీలో తెల్ల బూట్లన్నీ ఒక్కసారే నేలను తాకాలి. మలుపులో వరుస కాస్త వంకరపోయినా న్యాయనిర్ణేతలు మార్కులు తగ్గిస్తారు. నెలల తరబడి సాధన ఆ ఒక్క మలుపు కోసమే. ఈ ఆటలో నన్ను కట్టిపడేసేది కూడా అదే. సరదా కవాతులో పాటకు తగ్గ అడుగు పడితే చాలు.

ఖర్చు: పోటీకి కొలతలిచ్చి కుట్టించిన దుస్తులు, ఎత్తైన టోపీ, ప్రయాణాలు. సరదా జట్టుకు ఇంత హంగు అక్కరలేదు.

ఇబ్బంది: పోటీలో ఒకరు తడబడితే నష్టం జట్టంతటికీ.

ఒకే కదలికను వందసార్లు చేసే ఓపికున్న అమ్మాయికి పోటీ జట్టు. యాభై దాటి, స్నేహితులతో కలిసి నడవాలనుకునే వారికి సరదా జట్టు.