టీనేజర్లతో చర్చకు ఏ కథ: డైనోసార్ వేటా, శుక్రగ్రహం మీద వానా?

రే బ్రాడ్‌బరీ రాసిన రెండు కథల్లో ఒకటి ఎంచుకోవాలంటే, 1952 నాటి ‘ఎ సౌండ్ ఆఫ్ థండర్’ సులువైన దారి. టైమ్ మెషీన్‌లో గతంలోకి వెళ్లి టైరనోసారస్‌ని వేటాడబోయిన ఎకెల్స్, భయంతో దారి తప్పి ఒక సీతాకోకచిలుకను తొక్కేస్తాడు, తిరిగొచ్చి చూస్తే ఎన్నికల ఫలితమే మారిపోయి ఉంటుంది. పిల్లలు ఇట్టే అందుకుంటారు. కాకపోతే చర్చ వెంటనే టైమ్ ట్రావెల్ లాజిక్‌లోకి జారిపోతుంది, ఇద్దరు వాదించుకుంటుంటే మిగతావాళ్లు ఫోన్లు చూస్తుంటారు.

1954లో వచ్చిన ‘ఆల్ సమ్మర్ ఇన్ ఎ డే’ సైన్స్‌లో నిలబడదు. శుక్రుడి మీద ఏడేళ్లు ఆగని వానట! నిజానికి అక్కడ నేల వేడి దాదాపు 460 డిగ్రీల సెల్సియస్. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి, ఆ మేఘాల కింద ఏముందో అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలియదని చెప్పి మార్గో దగ్గరికి రండి. భూమి నుంచి వచ్చిన ఈ తొమ్మిదేళ్ల పిల్లకి సూర్యుడు గుర్తున్నాడు, తోటివాళ్లకి లేడు. ఆ కోపంతో వాళ్లు ఆమెను ఒక గదిలోకి తోసి తాళం వేసి, ఉన్న రెండు గంటల ఎండంతా బయట ఆడుకుంటారు. అందరూ ఉన్నారా అని అడిగిన టీచర్ లెక్కపెట్టలేదు కదా, ఆమె తప్పెంత? ఈ ఒక్క ప్రశ్న చాలు, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడతారు, ఎందుకంటే ఇలాంటి క్లాసు వాళ్లకి తెలుసు.

నా ఓటు దీనికే. తలుపు తీశాక మార్గో ఏమందో కథలో ఉండదు, అది వాళ్లతోనే రాయించండి.