ఫాల్స్ సీలింగ్ కింద అమ్మమ్మ ఉయ్యాల: ఆరేళ్లు వాడాక

2019 శ్రావణంలో నిజాంపేటలోని ఈ ఫ్లాట్‌లోకి వచ్చాం. అప్పట్లో ఎవరింటికి గృహప్రవేశానికి వెళ్లినా బూడిదరంగు గోడలు, హ్యాండిల్స్ లేని తెల్లటి వంటింటి షట్టర్లు, ఫాల్స్ సీలింగ్ అంచుల్లో కనపడకుండా వెలిగే లైట్లు. అవన్నీ నాకూ నచ్చాయి, పెట్టించుకున్నాను. వాటితో పాటు తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరి నుంచి టేకు ఉయ్యాల బల్ల, దాని ఇత్తడి గొలుసులు కూడా రావాల్సిందేనని పట్టుబట్టాను. "ఇంత మోడర్న్ హాల్లో అది సెట్ అవ్వదు మేడమ్" అన్నాడు ఇంటీరియర్ చేసినతను. ఈ ఆరేళ్లలో ఇంట్లో అన్నిటికంటే ఎక్కువగా వాడింది ఆ ఉయ్యాలనే.

ఉయ్యాల పెట్టుకోవాలనుకునేవాళ్లు ఈ పని ముందే చూసుకోండి. ఫాల్స్ సీలింగ్‌కి వాడే జిప్సం బోర్డు మనిషి బరువు మోయదు, కొక్కేలు పైనున్న కాంక్రీటు స్లాబులోకే దిగాలి. మేం సీలింగ్ పని మొదలవకముందే ఇంజనీరుకి చూపించాం. ఆయన చెప్పిన చోట యాంకర్ బోల్టులు వేయించి, వాటికి రాడ్లు దింపించి, ఆ తర్వాతే బోర్డులు బిగించమన్నాం. సీలింగ్ అయిపోయాక గుర్తొస్తే దాన్ని కోయక తప్పదు. మా పై అంతస్తు వాళ్లు అలాగే కోయించారు, అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఇంకొకటి, ఊగడానికి ముందూ వెనకా మూడేసి అడుగులైనా ఖాళీ ఉండాలి. అందుకని ఎల్ ఆకారం సోఫా మానేసి చిన్న సోఫాతో సరిపెట్టుకున్నాం. దాని లోటు ఎప్పుడూ అనిపించలేదు. ఎవరొచ్చినా ముందు ఉయ్యాల మీదే కూర్చుంటారు.

గొలుసుల్లో ఒక్కోదానికి మధ్యలో చిన్న ఇత్తడి నెమలి ఉంటుంది. కుడివైపు ముందు గొలుసు నెమలికి తురాయి పూర్తిగా అరిగిపోయి నున్నగా అయింది. మా అమ్మ, నేను, ఇప్పుడు మా అబ్బాయి, ముగ్గురం అక్కడే పట్టుకుని ఊగాం. నెలకోసారి చింతపండుతో తోమి పొడిగుడ్డతో తుడుస్తాను. కిర్రుమంటే కొక్కెం దగ్గర రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె వేస్తే చాలు.

మొదటి ఏడాది మాత్రం హాలు నాకు నచ్చలేదు. సీలింగ్‌లో 6500 కెల్విన్ తెల్ల లైట్లు వేశారు. ఆ వెలుగులో బూడిదరంగు గోడ వానకి తడిసిన సిమెంటులా, టేకు బల్ల మసిబారినట్టు కనిపించేవి. తప్పు ఉయ్యాలదే అనుకుని దిగులు పడ్డాను. తర్వాత పసుపుపచ్చటి వెలుగిచ్చే 3000 కెల్విన్ లైట్లు మార్పించి, ఉయ్యాల వెనక గోడకి ఒక్కదానికి జాజు రంగు వేయించాం. పల్లెటూళ్లలో అరుగులకి పూసే ఎరుపే. ఆ సాయంత్రం లైట్లు వేయగానే అత్తయ్య "ఇప్పుడు మనిల్లులా ఉంది" అన్నారు. మొత్తం ఇంటీరియర్‌లో అతి తక్కువ ఖర్చుతో అయిన పని ఇదే.

వంటింటి విషయంలో మాత్రం నాకు అసంతృప్తి ఉంది. మెరిసే తెల్ల అక్రిలిక్ షట్టర్లు రోజూ పోపు పెట్టే వంటింటికి పనికిరావు. హ్యాండిల్స్ లేవు కాబట్టి పసుపు చేత్తోనే అంచు పట్టుకుని లాగుతాం, ఆ గాడిలో పసుపు మరక పోదు. గిన్నెలు తోమే పచ్చ పీచుతో ఒక్కసారి రుద్దినందుకు సన్నటి గీతలు పడి ఉండిపోయాయి. ఓపెన్ షెల్ఫ్‌లో పెట్టిన గాజు సీసాలు మూడు రోజులకే జిగటగా అయ్యేవి. సింకు కింద అర రెండో వానాకాలానికే ఉబ్బిపోయింది. నీటికి తట్టుకునే ఐఎస్ 710 ప్లైవుడ్‌కి డబ్బులు కట్టాం, విప్పి చూస్తే లోపల ఉన్నది చెక్కపొట్టు అదిమి చేసే పార్టికల్ బోర్డు. చెక్క కోసేటప్పుడే షీటు మీద ముద్ర చూసుకోవాల్సింది.

అసలు బాధ కొలతలది. ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తాకి చోటే లేదు. ఆవకాయ జాడీ పద్నాలుగు అంగుళాలు, అన్నిటికంటే లోతైన డ్రాయర్ పదకొండు. అయితే ఆ డ్రాయర్లని మెచ్చుకోకుండా ఉండలేను. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య వంగి లోపలికి చెయ్యి పెట్టి వెతకక్కర్లేదు, లాగితే అన్నీ పైనుంచే కనిపిస్తాయి. గిన్నెల బరువుతో ఆరేళ్లయినా చప్పుడు లేకుండా మూసుకుంటున్నాయి. దీనికి పెట్టిన ప్రతి రూపాయీ సార్థకం.

పెడన కలంకారీ కర్టెన్లు పడమటి కిటికీకి వేస్తే రెండేళ్లలో వెలిసిపోయాయి. రెండోసారి వెనక తెల్లగుడ్డ లైనింగ్ వేయించి కుట్టించాను, నాలుగేళ్లయినా రంగు బాగుంది. కొండపల్లి బొమ్మల్ని మాత్రం తడిగుడ్డతో తుడవకండి, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు.

ఈ వేసవిలో వంటింటి షట్టర్లు తీయించేసి మీగడ రంగు మ్యాట్ లామినేట్, ఇత్తడి హ్యాండిల్స్ పెట్టిస్తున్నాం. వడ్రంగి కొలతలకి వచ్చినప్పుడు బియ్యం బస్తాని, ఆవకాయ జాడీని పక్కన పెట్టి మరీ టేపు పట్టించాను.