శిడ్లఘట్ట పట్టు పల్లెల్లో: ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ దిగాలి

బెంగళూరులో ఉంటూ పట్టు ఎలా పుడుతుందో కళ్లారా చూడాలనుకునేవాళ్లకు ముందుగా ఒక మాట. మీ సెలవులు చూసుకుని బయల్దేరకండి. పురుగు ఏ దశలో ఉందో రైతుకు ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. గుడ్డు పగిలిన దగ్గర్నుంచి గూడు అల్లడం మొదలుపెట్టేదాకా సుమారు 24 నుంచి 28 రోజులు పడుతుంది. చూడదగ్గదంతా ఆఖరి వారంలోనూ, ఆ తర్వాతి నాలుగైదు రోజుల్లోనూ ఉంటుంది. గూళ్ల పంట అయిపోయి షెడ్డు కడుగుతున్న రోజుల్లో వెళ్తే బ్లీచింగ్ పౌడర్ వాసన తప్ప ఏమీ దొరకదు.

ఈ ప్రయాణం మా వదిన కోసం పెట్టుకున్నది. ఆవిడ ఉండేది న్యూజిలాండ్‌లో. వాళ్ల ఇంటికి దగ్గర్లో ఒక చిన్న అల్పాకా ఫారం ఉంది. అల్పాకా అంటే ఉన్ని కోసం పెంచే, ఒంటె కుటుంబానికి చెందిన జంతువు. అల్పాకాల సొంత గడ్డ పెరూ, బొలీవియాల్లోని ఆండీస్ కొండలే అయినా, ఇప్పుడు అక్కడ కూడా చిన్న చిన్న మందలుగా పెంచుతున్నారు. ఏడాదికి ఒకసారి, ఎండలు ముదిరే ముందు ఉన్ని కత్తిరిస్తారు. అప్పుడు మా వదిన సాయానికి వెళ్తుంది. ఒక్కో జంతువు రెండు మూడు కిలోల ఉన్ని ఇస్తుందట. దాన్ని జాలీ బల్ల మీద పరిచి, కాళ్ల దగ్గరి ముతక వెంట్రుక, గడ్డి పరకలు ఏరేసి, వీపు మీది మెత్తటి ఉన్నిని విడిగా తీసి, దువ్వి, రాట్నం మీద వడికే దాకా అన్ని పనులూ ఆవిడకు వచ్చు. సంక్రాంతికి వచ్చినప్పుడు, "మన దగ్గర దారం ఏ ప్రాణి నుంచి వస్తుందో నాకు మొదటి నుంచి చివరి దాకా చూపించు" అని అడిగింది. బెంగళూరు చుట్టుపక్కల ఆ ప్రశ్నకు జవాబు పట్టుపురుగే.

నిజానికి బెంగళూరుకూ పట్టుకూ ఉన్న బంధం చాలా పాతది. మైసూరు రాజ్యంలో పట్టు పెంపకానికి టిప్పు సుల్తాన్ ఊతమిచ్చాడు. జంషెడ్‌జీ టాటా జపాన్ పద్ధతులు తెప్పించి పెట్టిన పట్టు క్షేత్రం పేరు బసవనగుడి దగ్గర టాటా సిల్క్ ఫారం అనే పేటగా మిగిలింది. ట్రాఫిక్‌లో ఇరుక్కుని రోజూ విసుక్కునే సిల్క్ బోర్డ్ జంక్షన్‌కు ఆ పేరు వచ్చింది కేంద్ర పట్టు మండలి కార్యాలయం వల్లే. 1948 నాటి చట్టంతో ఏర్పడిన ఆ సంస్థ మన పక్కనే ఉన్నా, మనలో చాలామంది పట్టుపురుగును ఒక్కసారైనా చేతిలోకి తీసుకుని చూడలేదు.

మొదటి మజిలీ నంది కొండ దారిలో ఒక రిసార్ట్. పట్టు టూర్ ఉంటుందని ప్రకటనలో చూసి బుక్ చేశాం. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, పొద్దున టిఫిన్ బాగుంది. టూర్ అంటే మాత్రం గాజు పెట్టెలో ఎండిన గూళ్లు, గోడ మీద బొమ్మలు, ఆ తర్వాత నేరుగా చీరల కొట్టు. ప్రాణం ఉన్న పురుగు ఒక్కటీ లేదు. ఆ టూర్‌కు గది అద్దెతో కలవకుండా విడిగా డబ్బు తీసుకోవడం నాకు కోపం తెప్పించింది. కొండ చూడటానికి వచ్చి నిద్రపోవడానికైతే ఆ చోటు బాగానే ఉంటుంది. పట్టు కోసమైతే వద్దు.

రామనగరం గూళ్ల మార్కెట్ మాత్రం తప్పక చూడండి. ఆసియాలోనే పెద్ద పట్టుగూళ్ల మార్కెట్‌గా దానికి పేరు. బెంగళూరు నుంచి సుమారు 50 కిలోమీటర్లు. కారులో వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: మైసూరు కొత్త ఎక్స్‌ప్రెస్ రోడ్డు రామనగరం ఊళ్లోకి వెళ్లకుండా పక్కనుంచి పోతుంది, కాబట్టి పాత రోడ్డు పట్టుకోండి. రైలైతే ఇంకా సుఖం. పొద్దున్నే చేరితే పెద్ద హాలు నిండా తెల్లవీ, లేత పసుపువీ గూళ్ల రాశులు కనిపిస్తాయి. తెల్లవి బైవోల్టిన్, అంటే ఏడాదికి రెండు తరాలు వచ్చే జాతివి; పసుపువి మైసూరు జాతితో సంకరం చేసినవి. గూళ్ల నుంచి దారం తీసే రీలర్లు గుప్పెడు గూళ్లు తీసి, నొక్కి చూసి, చెవి దగ్గర ఆడించి నాణ్యత తేలుస్తారు. వేలం ఇప్పుడు ఫోన్లలో నడుస్తుంది, అరుపులు తక్కువ. ఇది పనిచేసే మార్కెట్, టూరిస్టు చోటు కాదు. గైడ్ ఉండడు. దారికి అడ్డు రాకుండా నిలబడి, ఫొటో తీసే ముందు గూళ్ల సొంతదారుని అడిగితే ఎవరూ కాదనరు. నెల రోజుల కష్టం ధర తేలే చోటు అది. తమ లాట్ పక్కన నిలబడి ఫోన్ తెర వైపు చూస్తున్న రైతుల ముఖాల్లో టెన్షన్ చూశాక, చీర కొట్టులో బేరం ఆడటానికి మనసు రాదు.

అయితే అక్కడ కనిపించేది గూడు మాత్రమే. పురుగును, దాన్ని పెంచే ఇంటిని చూడాలంటే నా ఓటు చిక్కబళ్లాపురం జిల్లాలోని శిడ్లఘట్ట పల్లెలకే. దేవనహళ్లి, విజయపుర మీదుగా రోడ్డు, లేదంటే చిక్కబళ్లాపురం మీదుగా రైలు. రైళ్లు తక్కువ కాబట్టి తిరుగు బండి వేళ ముందే చూసుకోండి. ఇంకో లాభం, ఇక్కడి పల్లెల్లో సగం మాట తెలుగులోనే సాగుతుంది. కన్నడ రాని మా వదినకు ఎక్కడా ఇబ్బంది కలగలేదు.

తెలిసినవాళ్ల ద్వారా ఒక చిన్న రైతు ఇంటికి వెళ్లాం. ఎకరంన్నర మల్బరీ తోట, దాని పక్కన విడిగా కట్టిన పురుగుల షెడ్డు. గుమ్మంలోనే ఇంటావిడ ఆపింది. "చెప్పులు బయట ఇడిసి, చేతులు కడుక్కోని రాండమ్మా. సెంటు గింటు పూసుకోలేదు గదా?" అని అడిగి, లేదన్నాకే తలుపు తీసింది. అగరొత్తి, దోమల చుట్ట, పొగాకు, పక్క పొలంలో కొట్టిన పురుగుమందు, ఏది తగిలినా పురుగులకు ముప్పే. కిటికీలన్నిటికీ నైలాన్ వల ఉంది. ఊజి ఈగ లోపలికి రాకుండా అది. ఆ ఈగ 1980లో కర్ణాటకలో అడుగుపెట్టింది. పురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది, దాని పిల్ల పురుగును లోపల్నుంచి తినేస్తుంది. అందుకే తలుపు ఎవరు తీసినా వెంటనే మూయాలి, పిల్లలైనా సరే.

లోపల అరలు అరలుగా స్టాండ్లు, వాటి మీద మల్బరీ కొమ్మలు, కొమ్మల నిండా బూడిద తెలుపు పురుగులు. నాలుగో జ్వరం లేచి ఆఖరి దశలో ఉన్నాయి. పొర విడిచే ముందు పురుగు మేత మాని కదలకుండా ఉండిపోయే రోజును ఇక్కడ జ్వరం అంటారు. అలా నాలుగు జ్వరాలు. రెండో జ్వరం దాకా చాకీ కేంద్రంలో, అంటే పసి పురుగులను సాకే చోట, పెంచి రైతుకు ఇస్తారు, ఆ తర్వాతి భారమంతా ఇంటివాళ్లదే. జీవితం మొత్తంలో తినే ఆకులో ఎనభై శాతానికి పైగా ఈ ఆఖరి వారంలోనే తింటాయి. నమిలే చప్పుడు గుమ్మం దాకా వినిపిస్తోంది. రోజుకు మూడు మేతలు, రాత్రి మేత కూడా తప్పదు. చలికాలం కావడంతో షెడ్డులో హీటర్ పెట్టి వేడి చూసుకుంటున్నారు. 25 డిగ్రీల దగ్గర ఉంటే పురుగుకు హాయి. చలి, తేమ కలిస్తే సున్నకట్టు రోగం వస్తుంది, పురుగు గట్టిపడి తెల్లగా సుద్దముక్కలా అయిపోతుంది. ఆ వారం ఆ ఇంట్లో ఎవరూ పెళ్లికి గానీ పేరంటానికి గానీ వెళ్లరు.

మా వదిన చేతులు కట్టుకుని నిలబడలేదు. ఇంటావిడతో కలిసి తోటలో కొమ్మలు కోసి, మోసుకొచ్చి, పరిచింది. పక్క అరలో మేత మానేసిన పురుగులు ఒళ్లు పారదర్శకంగా మారి తల ఎత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. వాటిని ఏరి, గూడు అల్లుకోవడానికి పెట్టే వెదురు చంద్రికల మీద వదలడం ఆవిడకు బాగా నచ్చిన పని. అల్పాకా ఫారంలో పని కత్తిరింపు రోజుల్లోనే ఒక్కసారిగా మీద పడుతుందట. మిగతా ఏడాది మేత, గోళ్లు కత్తిరించడం, కంచె చూసుకోవడం. ఇక్కడ ప్రతి పంటకూ అదే ఉరుకులాట, ఏడాదికి ఎన్నో పంటలు. ఇంత పని ఉంటుందని తాను అనుకోలేదని వదిన అంది.

మధ్యాహ్నం రాగి ముద్ద, అనపగింజల కూర పెట్టారు. ఈ ప్రయాణం మొత్తంలో అంత రుచైన భోజనం ఇంకెక్కడా తినలేదు. వాళ్లు డబ్బు అడగలేదు. అయినా ఇవ్వాలి. పని మానుకుని మనకు చూపిస్తున్నారు, మన వల్ల రోగం వచ్చే అపాయం కూడా నెత్తిన పెట్టుకుంటున్నారు. ముందే ఒప్పుకుని ఇస్తే వాళ్లకూ మొహమాటం ఉండదు.

రీలింగ్ యూనిట్ శిడ్లఘట్ట ఊళ్లోనే చూశాం. సుకుమారమైన మనసున్నవాళ్లు, చిన్న పిల్లలు ఉంటే ముందే చెప్పి తీసుకెళ్లండి. గూడు లోపల పురుగు ప్యూపాగా, అంటే రెక్కలు రావడానికి ముందు దశగా, మారి ఉంటుంది. రెక్కలొచ్చి సీతాకోకచిలుకలాంటి చిలుకై బయటకు వస్తే గూటికి చిల్లు పడి పోగు తెగుతుంది. అందుకని ఆవిరితోనో వేడిగాలితోనో ముందే చంపేస్తారు. తర్వాత మరిగే నీళ్లలో వేసి, జిగురు మెత్తబడ్డాక పోగు కొస పట్టుకుంటారు. మంచి బైవోల్టిన్ గూట్లో ఆ పోగు కిలోమీటరు దాకా తెగకుండా వస్తుంది. అలాంటి కొన్ని పోగులు కలిస్తేనే ఒక దారం. తొట్టి దగ్గర కూర్చున్న ఆడవాళ్లు వేడినీళ్లలో వేళ్లు పెట్టి కొసలు అందిస్తూనే ఉన్నారు. వేళ్ల చివర్లు తెల్లగా నాని ముడతలు పడి ఉన్నాయి. ఆటోమేటిక్ మెషిన్లు ఉన్న యూనిట్లలో ఈ బాధ చాలా తగ్గిందట. నా అభిప్రాయంలో సబ్సిడీ అంటూ ఇస్తే ముందు ఇవ్వాల్సింది వీటికే. ఉడికిన ప్యూపాల వాసన బట్టలకు పట్టేస్తుంది, మార్చుకోవడానికి ఒక జత తీసుకెళ్లండి. ఆ ప్యూపాలు కూడా వృథా పోవు, నూనెకూ దాణాకూ అమ్ముతారు.

వదిన చాలాసేపు మాట్లాడలేదు. ఆవిడకు తెలిసిన జంతువు ఉన్ని ఇచ్చి మళ్లీ మేతకు వెళ్తుంది. ఇక్కడ ఒక కిలో ముడిపట్టుకు ఆరు నుంచి ఎనిమిది కిలోల గూళ్లు, అంటే వేల ప్రాణాలు. ఈ లెక్క తెలియకుండా పట్టు గురించి పొగుడుతూ రాయడం సరికాదని నా నమ్మకం. అలాగని ఆ రైతు కుటుంబం బతుకును తక్కువ చేయలేను. ఇద్దరం ఆ సాయంత్రమంతా దాని గురించే వాదించుకున్నాం, తేలలేదు. అహింసా పట్టు అని ఒకటుంది. హైదరాబాద్‌కు చెందిన చేనేత అధికారి కుసుమ రాజయ్య దానికి రూపమిచ్చారు. చిలుకను బయటకు వెళ్లనిచ్చి, చిల్లు పడిన గూళ్లను వడికి దారం తీస్తారు. మిలమిల తక్కువ, మెత్తదనం ఎక్కువ, ధర ఎక్కువ.

బస మాటకొస్తే, శిడ్లఘట్టలో మామూలు లాడ్జిలే ఉన్నాయి. మేం చిక్కబళ్లాపురం వైపు ద్రాక్షతోటల మధ్య ఒక హోం స్టేలో దిగాం. రెండు గదుల ఇల్లు, రిసార్ట్ అద్దెలో మూడో వంతు. వైఫై లేదు, కరెంటు ఒకసారి పోయింది. తెల్లవారుజామున షెడ్డుకు వెళ్లాలంటే టీ పెట్టించి ఆటో మాట్లాడిపెట్టారు. మాకు కావలసిన సేవ అదే. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు మాత్రం బాత్‌రూం మెట్లు ఎత్తుగా ఉన్నాయని గమనించండి.

నేతను కూడా చూడాలంటే మైసూరులో 1912లో మొదలైన ప్రభుత్వ పట్టు మిల్లు ఉంది. మగ్గాల మీద చీర పూర్తయ్యేదాకా చూడొచ్చు, ఫొటోలు తీయనివ్వరు. అది విడిగా ఒక రోజు పని, శిడ్లఘట్టతో కలపకండి.

వడికే అలవాటున్నవాళ్లకు చివరిగా ఒక ఉపయోగం. గుడ్ల ఉత్పత్తి కేంద్రాల్లో చిలుకలను బయటకు రానివ్వాల్సిందే కాబట్టి, చిల్లు గూళ్లు అక్కడ మిగులుతాయి. అలాంటివి ఒక కిలో కొన్నాం. ఇంటికొచ్చాక సబ్బు, సోడా కలిపిన నీళ్లలో గంటసేపు మరిగించాం. జిగురు పోయి గూళ్లు దూదిలా విచ్చుకున్నాయి. నాలుగైదు సార్లు జాడించి నీడలో ఆరబెట్టి, వదిన తెచ్చిన అల్పాకా ఉన్నితో కలిపి దువ్వి తకిలి మీద వడికాం. మూడొంతుల అల్పాకాకు ఒక వంతు పట్టు బాగా కుదిరింది. సగం సగం వేస్తే పోగులు జారిపోయి దారం నిలవలేదు. మీరు కొనేటప్పుడు గూళ్లు తాజా పంటవేనా అని అడగండి, ఆడించి చూసి లోపల ఏమీ మిగల్లేదని తేల్చుకోండి, గుడ్డ సంచి తీసుకెళ్లండి. ప్లాస్టిక్ సంచిలో కట్టేస్తే తేమకు బూజు పడుతుంది.