సముద్రం ఎరిగినవాళ్లకే ఎక్కువ నచ్చే టీవీ: కొత్తపట్నం నుంచి ఒక సమీక్ష

మా ఇంట్లో రాత్రి భోజనాల వేళ ఏళ్ల తరబడి నడుస్తున్నవి జంతువుల, సముద్రాల డాక్యుమెంటరీలే. మాది ఒంగోలు దగ్గర కొత్తపట్నం. మామయ్య ఓపిక ఉన్నన్నాళ్లూ సముద్రం మీద చేపల వేటకు వెళ్లినవారు. ఇన్నేళ్లు చూశాక నాకు గట్టిగా అనిపించేది ఒకటుంది. వీటిని పిల్లల చదువు కోసం పెడతారు గానీ, నిజంగా రుచి తెలిసేది సముద్రం ఎరిగిన పెద్దవాళ్లకే. వలలో పడ్డ చేపను వాళ్లు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నారు. అదే చేప కింద ఎలా బతుకుతుందో, దేనికి భయపడుతుందో చూసే అవకాశం మాత్రం వాళ్లకు టీవీలోనే దొరికింది.

2017లో వచ్చిన బీబీసీ సముద్ర డాక్యుమెంటరీ సిరీస్ 'బ్లూ ప్లానెట్ 2' మొదటి భాగంలో సీషెల్స్ దీవుల దగ్గర తీసిన సన్నివేశం ఉంది. అప్పుడప్పుడే ఎగరడం నేర్చుకుంటున్న పక్షి పిల్లలు నీళ్లకు దగ్గరగా పోతుంటాయి. కింద పెద్ద పార చేప వాటి వేగాన్ని అంచనా వేసుకుంటూ వెంటపడుతుంది. ఉన్నట్టుండి నీళ్లలోంచి లేచి గాల్లోనే పక్షిని నోట కరుచుకుంటుంది. "ఏందమ్మాయ్ ఇది, పార పక్షిని పట్టడమా!" అని మామయ్య కంచం పక్కన పెట్టేశారు. పారలు ఆయనకు కొత్త కాదు. అందుకే అంత ఆశ్చర్యం. ఈ సిరీస్ కోసం నాలుగేళ్లకు పైగా పనిచేసి, 39 దేశాలు తిరిగారంటే నమ్మబుద్ధవుతుంది.

అందులోనే 'గ్రీన్ సీస్' భాగంలో దక్షిణాఫ్రికా తీరపు ఆక్టోపస్ నాకు అన్నిటికన్నా ఇష్టం. చిన్న సొర దాన్ని పట్టేసుకుంటుంది. ఆక్టోపస్ తన చేతుల్ని సొర మొప్పల్లోకి దూర్చి ఊపిరాడకుండా చేస్తుంది, సొర వదిలేస్తుంది. తర్వాత గుల్లలూ రాళ్లూ ఒళ్లంతా కప్పుకుని కూర్చుంటుంది. ఎన్నిసార్లు చూసినా ఆ తెలివి నాకు పాతబడలేదు.

డిస్కవరీ, సోనీ బీబీసీ ఎర్త్ లాంటి ఛానళ్లకు తెలుగు ఆడియో రావడం మా ఇంటికి పెద్ద మేలు చేసింది. అది లేకపోతే అత్తయ్యా మామయ్యా పది నిమిషాలకు మించి కూర్చునేవారు కాదు. అయితే డబ్బింగ్‌లో చాలాసార్లు మాట ఆగదు. అలల చప్పుడు, పక్షుల అరుపులు వినాల్సిన చోట కూడా గొంతు వినబడుతూనే ఉంటుంది. అందుకే నచ్చిన భాగాన్ని రెండోసారి ఇంగ్లీషులో పెట్టుకుంటాను. ఇంగ్లీషులో వ్యాఖ్యానం చెప్పే డేవిడ్ అటెన్‌బరోకు ఎక్కడ మాట్లాడకుండా ఉండాలో బాగా తెలుసు.

బొమ్మ సంగతి. మామూలు ఛానల్లో కవళ్ల (సార్డిన్ చేపల) గుంపు ఒక్కసారిగా తిరిగిందంటే తెర గళ్లుగళ్లుగా విడిపోతుంది. వేల చేపలు ఒకేసారి కదిలితే ఆ వివరమంతా మోసే శక్తి ఆ సిగ్నల్‌కు ఉండదు. కొత్త పెద్ద టీవీ కొనేకన్నా ముందు హెచ్‌డీ ఛానల్ తీసుకోండి. పిక్చర్ మోడ్ వివిడ్‌లో ఉంటే సినిమా మోడ్‌కి మార్చండి. నీళ్లలో పది మీటర్లు దిగేసరికి ఎరుపు చాలావరకు పోతుంది, కాబట్టి లోతులో అంతా నీలంగా ఉండటమే సహజం. వివిడ్ దానికి లేని రంగు పులుముతుంది.

నాకున్న అసలు అసంతృప్తి వేరు. నేను చూసినంతలో మన బంగాళాఖాతం వీటిలో చాలా అరుదు. జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ పుడతాయని టీవీలో చూసేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. కానీ అక్కడ చూపించింది కోస్టారికా ఒడ్డు. ఒడిశాలో గహీర్మఠ, రుషికుల్య దగ్గర ఇవే తాబేళ్లు లక్షల సంఖ్యలో వస్తాయి. పులికాట్‌లో రాజహంసలు, నేలపట్టులో గూడబాతులు ఉన్నాయి. ట్రాలర్ (పెద్ద మరపడవ) వలలో ఇరుక్కున్న తాబేలు గాలి కోసం పైకి రాలేక చనిపోతుందనీ, వలలో ఇనుప చట్రం అమర్చి దాన్ని బయటికి వదిలే ఏర్పాటు ఉందనీ మన ఒడ్డు మీదే తీసి, మన భాషలోనే చెబితే పల్లెపాలెంలో ప్రతి ఇంట్లో చూస్తారు. నేనైతే అందరినీ పిలిచి మరీ కూర్చోబెడతాను.

చిన్నపిల్లలుంటే వేటాడే సన్నివేశాలప్పుడు పక్కనే ఉండండి, కొన్ని భయపెడతాయి. ఇంట్లో సముద్రం మీదికి వెళ్లినవాళ్లుంటే ఆ ఆక్టోపస్ భాగంతోనే మొదలుపెట్టండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి అప్పుడైతే అందరూ ఇంటిపట్టునే దొరుకుతారు.