గేటు కెమెరాలో రాత్రి మొహం కనపడాలంటే ముందు షటర్ చూడండి

కెమెరా స్పెక్స్ అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. మాది ఉప్పల్ దగ్గర కాలనీ, ఇరుకు గల్లీ, గేటు మీద కోఠి గుజరాతీ గల్లీలో కొన్న 4 ఎంపీ (మెగాపిక్సెల్) బుల్లెట్ కెమెరా. కొత్తలో రాత్రి పిక్చర్ గురించి తెగ పొగిడాను, గల్లీ చివరిదాకా పట్టపగల్లా కనపడేది. ఖాళీ గల్లీ వరకు ఆ మాట ఇప్పటికీ నిజమే.

పోయిన వానాకాలంలో ఒక రాత్రి పక్కింటి వాళ్ల బండ్లోంచి పెట్రోల్ గుంజుకుపోయారు. రికార్డింగ్ తీస్తే మనిషి రావడం, వంగడం, పైపు పెట్టడం, పోవడం అన్నీ ఉన్నాయి, మొహం ఒక్కటే లేదు. ఎక్కడ ఆపినా మెడ మీద తెల్లటి ముద్ద. వెనక గోడకి ఉన్న ఇటుకలు మాత్రం లెక్కపెట్టుకోవచ్చు. "మంచి కెమెరా అన్నవ్ గద బిడ్డా" అని పక్కింటి ఆంటీ అంటే నిజంగా బాధేసింది. ఫిట్టింగ్ చేసినతన్ని అడిగితే "రాత్రి గట్లనే వస్తదన్నా, 8 ఎంపీ ఏసుకో, క్లియర్ ఉంటది" అన్నాడు. నా కోపమంతా ఆ మాట మీదే, ఎందుకంటే అట్లా రావాల్సిన పనే లేదు.

కంప్యూటర్ బ్రౌజర్‌లో కెమెరా ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) కొట్టి లోపలికెళ్లి చూశా, మొబైల్ యాప్‌లో ఈ ఆప్షన్లు అసలు కనపడవు. షటర్, అంటే ఒక్కో ఫ్రేమ్‌కి కెమెరా వెలుతురు పట్టే సమయం, ఆటోలో ఉంది, చీకటి పడగానే 1/25 సెకనుకి దిగిపోతోంది. మామూలుగా నడిచే మనిషి సెకనుకి మీటరున్నర దాకా కదుల్తాడు, అంటే ఒక్క ఫ్రేమ్ పడేలోపే ఆరు సెంటీమీటర్లు జరిగిపోతాడు, ఇంక కళ్లెక్కడ ముక్కెక్కడ. దానికి తోడు నాయిస్ రిడక్షన్ (చీకట్లో పిక్చర్‌లో వచ్చే గింజల్ని తుడిచే సెట్టింగ్) ఫుల్లుగా పెట్టి ఉంది, అది వెనక ఫ్రేములు కూడా కలిపి నున్నగా చేస్తుంది కాబట్టి కదలని గోడ నీట్‌గా వస్తుంది, కదిలే మనిషి అలుక్కుపోతాడు. ఇదే సెట్టింగ్‌తో 8 ఎంపీ పెట్టినా అలుక్కుపోయిన మొహమే ఇంకాస్త పెద్దగా వస్తుంది, అంతే.

షటర్ మాన్యువల్‌లో 1/100 పెట్టి, నాయిస్ రిడక్షన్ సగానికన్నా కిందికి దించి, దగ్గరికొచ్చిన మొహం తెల్లగా పేలిపోకుండా స్మార్ట్ ఐఆర్ (కెమెరాకుండే కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లైటుని, మనిషి దగ్గరికొస్తే తగ్గించే ఆప్షన్) ఆన్ చేశా. 1/100 ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతో బల్బు సెకనుకి వందసార్లు మినుకుతుంది, షటర్ దానికి సరిపడా 1/50 గానీ 1/100 గానీ అయితే బల్బు వెలుగులో చారలు పాకవు, 1/60, 1/120 పెడితే పాకుతాయి. పడే వెలుతురు నాలుగో వంతే కాబట్టి పిక్చర్ బాగా చీకటైంది, గింజలు గింజలుగా కూడా ఉంది, మా ఆవిడ ఫోన్‌లో చూసి కెమెరా పాడైందా అంది. కానీ తెల్లారుజామున పేపర్ అబ్బాయి సైకిల్ దిగి గేటు సందులోంచి పేపర్ తోస్తున్న చోట ఆపి చూస్తే కనుబొమ్మలు, నూనూగు మీసం, చేతిలో పేపర్ల కట్టకి చుట్టిన తాడు, అన్నీ విడివిడిగా ఉన్నాయి! ఎంత సంబరపడ్డానో చెప్పలేను, వెంటనే ఆంటీని పిలిచి చూపించా.

స్మార్ట్ ఐఆర్‌ని మాత్రం ఇప్పుడు అంత మెచ్చుకోను. ఐఆర్ లైట్లు లెన్స్ చుట్టూనే ఉంటాయి, వానలు పడ్డాక ఉసిళ్లు, పురుగులు దాని ముందే తిరుగుతాయి, సాలెగూడు ఒక్క పోగు ఉన్నా తెల్లగా మెరిసి మనిషిని మింగేస్తుంది. అందుకే వానాకాలం ఐఆర్ ఆపేసి, కెమెరాకి దూరంగా గేటు స్తంభం మీద 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రాత్రంతా వేసి, డే నైట్ ఆప్షన్‌ని కలర్‌లోనే ఉంచుతున్నా. చొక్కా రంగు కూడా తెలుస్తోంది, అది లాభమే.

ఇదంతా వీధి లైటు మా గేటు పక్కనే ఉండబట్టి కుదిరింది. ఊరి బయట లైట్ల్లేని ప్లాట్‌లో 1/100 పెడితే అంతా నలుపే, అక్కడ 1/50తో సరిపెట్టుకోవాలేమో, లేదా ముందు బల్బు సంగతి చూడాలి. మా టెర్రస్ కెమెరాని నేనే 1/25లో వదిలేశా, అది చూసేది వాటర్ ట్యాంకునే. బండి నంబర్ ప్లేటు కావాలంటే మాత్రం నా సెట్టింగ్ పనికిరాదు, ఐఆర్‌కి ప్లేటు తెల్లగా వెలిగిపోతుంది, హెడ్‌లైట్ మీద పడితే అసలేమీ తెలీదు, దానికి 1/500 అంతకన్నా వేగంగా పెట్టి విడిగా ఇంకో కెమెరా కిందికి బిగించుకోవాల్సిందే.