“మనిషి తాకని అడవి” టూరుకు 2,800 దండగ

ఒడిశా జయపురంలో ఏజెంటు మనిషికి 2,800 పుచ్చుకుని “మనిషి తాకని అడవి” చూపిస్తానన్నాడు. లమ్తాపుట్ దారిలో జీపు ఆపి, ఇక్కడ గొడ్డలి పడలేదని గైడు చెప్తుంటే, అతని వెనకే కల్లిచ్చే జీలుగు, ఇప్ప, మామిడి వరసగా నిలబడి ఉన్నాయి. పోడు కొట్టేవాళ్ళు తిండి పెట్టే చెట్లను వదిలేసి మిగతావి నరికి, ఎండాక వానలకు ముందు కాల్చి, చోళ్ళు (రాగులు), సామలు, కంది కలిపి చల్లుతారు. రెండు మూడేళ్ళకు నేల చప్పబడితే ఇంకో కొండకు పోతారు. బీడుపడ్డ చోట ఒకే మోడు నుంచి నాలుగైదు కొమ్మలు లేస్తాయి, చెట్లన్నీ ఒకే ఈడువి. ఆ కొండ నిండా అవే. పైగా శ్రీలంక ఫాహియెన్ గుహలో సుమారు 45,000 ఏళ్ళ నాడే వానాడవి కోతుల్నీ ఉడతల్నీ వేటాడి బతికారు మనుషులు. తాకని అడవి ఎక్కడ మిగిలిందంట!

ప్యాకేజీ భోజనం చల్లారిన పులావు. వెంట వచ్చిన మిత్రుడు సాయంత్రం దాకా మొహం ముడుచుకునే ఉన్నాడు.

అడవి గతం వెతకడం చూపుతో అయ్యేది కాదు. ఆమ్లం ఎక్కువున్న పుల్లమన్నులో ఎముకలు నిలవవు. వరి ఆకులోని విసనకర్ర ఆకారపు సిలికా రేణువులు (ఫైటోలిత్‌లు) మాత్రం నిలుస్తాయి. తవ్విన గోతి గోడ నుంచి పరీక్షకు మన్ను కింది పొరతో మొదలుపెట్టి పైకి తీయాలి, లేకపోతే పైమన్ను రాలి కలుస్తుంది. చోడిగింజ మిల్లీమీటరున్నర, మామూలు జల్లెడలో జారిపోతుంది. అందుకే మన్నును నీళ్ళలో కలిపి, తేలినదాన్ని పావు మిల్లీమీటరు వలలో పడతారు. దొరికింది చోడే అనడానికీ తొందరపడకూడదు: అది ఆఫ్రికా నుంచి వచ్చిన పంట, పాత పొరల్లో వేరే చిరుధాన్యాన్ని చోడనుకోవడం తరచూ జరిగే పొరపాటు. బొగ్గుతో ఇంకో చిక్కుంది. ముదురు గుగ్గిలం చేవ బొగ్గుకు కాలం కడితే, కాల్చిన రోజుకన్నా వందేళ్ళు పాతదని తేలవచ్చు. కొద్దికాలమే పెరిగే పుల్లలు, గింజలే నమ్మదగ్గవి. చెదలు సన్నమన్ను పైకి మోస్తాయి, దాంతో మనుషులు చెక్కిన రాతి పెచ్చులు మొదట ఉన్నచోటు కన్నా లోతుకు దిగిపోతాయి.

కోరాపుట్‌లో జగన్నాథాలయం పక్కనున్న ట్రైబల్ మ్యూజియానికి గంట చాలు. గదబ గిరిజనుల ఊళ్ళలో చెట్టు కింద చనిపోయినవారి పేర నిలిపిన రాళ్ళ కోసమైతే పూట కేటాయించాలి. వాటిమీద కూర్చోకూడదు, కాలు పెట్టకూడదు. అడిగాకే ఫోటో. రాతిముక్క దొరికితే అక్కడే వదిలేయండి. చోటు మారిన రాయి ఏ కాలానిదో చెప్పడం కష్టం.

ఏజెంటు వద్దు. ఐదుగురు కలిసి స్టాండులో జీపు మాట్లాడుకుంటే 3,000, తలకు 600. లాడ్జి 900, వేడినీళ్ళు బకెట్‌లో. సంతలో చోడంబలి 20, పచ్చిమిర్చి ఊరికే, పులావు కంటే ఎంతో నయం. మార్చి, ఏప్రిల్లలో వెళ్ళండి, నరికిన కొండా కాలిన కొండా పక్కపక్కనే కనిపిస్తాయి. వానలు మొదలైతే అంతా పచ్చబడి తేడా తెలియదు.