ప్యూర్ పొడా, 80:20యా, 60:40యా, ఇన్‌స్టంటా? పాల కాఫీకి ఏది మేలు?

కాఫీ పొడి మర పట్టించే అంగట్లో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "చికోరీ ఎంత కలపమంటారు?" చాలామంది "మామూలుగా కలిపేదే కలపండి" అనేస్తారు. ఆ మామూలు ఒక్కో అంగట్లో ఒక్కోటి. ఒకచోట 80:20 (అంటే వందలో 80 పాళ్లు కాఫీ, 20 పాళ్లు చికోరీ), పక్క వీధిలో 70:30, ప్యాకెట్లలోనైతే 53:47 దాకా ఉంది. ఇంట్లో అదే ఫిల్టరు, అవే పాలు, అదే చెయ్యి అయినా ఒక నెల కాఫీ కమ్మగా, ఇంకో నెల కషాయంలా ఉండడానికి కారణం చాలాసార్లు ఈ ఒక్క మాటే.

ముందే తేల్చి చెప్పాలంటే, చిక్కటి పాలు పోసి తాగే ఇంటికి 80:20 లేదా 85:15 మేలు. పాలు తక్కువ వేసుకునేవాళ్లకి, బ్లాక్ కాఫీ తాగేవాళ్లకి చికోరీ కలపని ప్యూర్ పొడి తప్ప వేరే దారి లేదు. 60:40 కొనడానికి చవకదనం తప్ప మరో కారణం లేదు, అది కూడా లెక్క వేస్తే నిలవదు. ఇన్‌స్టంట్ సంగతి పూర్తిగా వేరు, దాన్ని ఫిల్టర్ కాఫీతో పోటీకి నిలబెట్టకూడదు.

చికోరీ ఏం చేస్తుంది

చికోరీ ఒక మొక్క వేరు. ముల్లంగిలా భూమిలో ఊరుతుంది. దాన్ని తరిగి, ఎండబెట్టి, వేయించి, పొడి కొడతారు. మన దేశంలో గుజరాత్‌లో, ఉత్తరప్రదేశ్‌లో పండుతుంది. అందులో కెఫీన్ లేదు. నెపోలియన్ కాలంలో ఓడ సరుకు ఆగిపోయి కాఫీ గింజ కరువైనప్పుడు ఫ్రాన్సులో దీని వాడకం బాగా పెరిగింది. మనకు అలవాటై తరాలు గడిచాయి కాబట్టి దీన్ని కల్తీ అనడం సరికాదు. ఎంత కలిపారో చెప్పకుండా కలిపితేనే కల్తీ. చట్టం కూడా అదే అంటుంది: కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, రెండింటి శాతాలూ ప్యాకెట్ మీద అచ్చు వేయాలి. ముందువైపు పెద్ద అక్షరాల్లో "ఫిల్టర్ కాఫీ" అని ఉన్నా, అసలు కబురు వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ప్యాకెట్ తిప్పి చూడండి.

వేయించిన చికోరీలో సగానికి పైగా నీళ్లలో కరిగిపోతుంది. కాఫీ పొడిలో ఫిల్టర్‌ ద్వారా దిగేది నాలుగో వంతు కూడా ఉండదు. అందుకే కొంచెం చికోరీ పడగానే డికాషన్ నల్లగా, జిగటగా అవుతుంది, పాలల్లో పోస్తే ఇటుకరంగు దిట్టంగా వస్తుంది. కంటికి అది చిక్కదనంలా కనిపిస్తుంది. కానీ ఆ రంగు కాఫీది కాదు. 60:40 డికాషన్‌ని పాలు లేకుండా ఒక చెంచా నోట్లో వేసుకుని చూడండి. ముందు మాడిన బెల్లం లాంటి తీపిచేదు, తర్వాత నాలుక మీద మందంగా ఒక పూత. కాఫీకి ఉండాల్సిన సువాసన, ఆ సన్నటి పులుపు ఎక్కడో అడుగున పడి ఉంటాయి.

15 నుంచి 20 శాతం దగ్గర మాత్రం చికోరీ నిజంగా పనికొస్తుంది. గేదె పాలలో వెన్న ఎక్కువ. ప్యూర్ డికాషన్ అందులో పడితే వాసన మిగులుతుంది గానీ కాఫీ పలచగా అనిపిస్తుంది. ఆ కాస్త చికోరీ పాలకి ఎదురు నిలిచే బరువు ఇస్తుంది. 25 దాటాక వాసన తగ్గడం మొదలవుతుంది, 40 దగ్గర మీరు తాగేది చికోరీ కాఫీ కాదు, కాఫీ వాసన తగిలించిన చికోరీ.

ఇంకో సంగతి. చికోరీకి తేమ పీల్చే గుణం ఎక్కువ. వానాకాలంలో తెరిచిన ప్యాకెట్ గడ్డ కట్టిందంటే అందులో చికోరీ వాటా గట్టిగానే ఉందని అర్థం. ఇందులోని ఇనులిన్ అనే పీచు కొందరికి కడుపు ఉబ్బరం తెస్తుంది. "కాఫీ పడట్లేదు" అనుకునేవాళ్లు మానేసే ముందు ఒక వారం ప్యూర్ పొడి తాగి చూడడం మంచిది.

ఫిల్టర్‌లో తేడా ఇలా బయటపడుతుంది

మూడు చిన్న కప్పులకి 80:20 పొడి 30 గ్రాములు, అంటే తలకొట్టిన టేబుల్ స్పూన్లు ఆరు. పై గిన్నెలో వేసి, గిన్నెని పక్కల నుంచి రెండుసార్లు తట్టి సమం చేయాలి. గొడుగు బిళ్లని పొడి మీద ఊరికే ఆనించాలి, అదిమితే దారి మూసుకుపోతుంది. కళపెళ మరిగిన నీళ్లు ముందు 40 మి.లీ. పోసి ఒక నిమిషం ఆగాలి. పొడి తడిసి ఉబ్బుతుంది. తర్వాత ఇంకో 130 మి.లీ. పోసి మూత పెట్టాలి. పొడి తన బరువుకి రెట్టింపు నీళ్లు తాగేస్తుంది కాబట్టి కిందికి దిగేది 110 మి.లీ. దాకా. పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. కప్పుకి 35 మి.లీ. డికాషన్, 100 మి.లీ. పాలు.

ఇదే ఫిల్టర్‌లో, ఇదే మరలో పట్టిన ప్యూర్ పొడి వేస్తే నీళ్లు పది నిమిషాల్లోపే జారిపోతాయి. ఉబ్బి అడ్డుపడే చికోరీ లేదు మరి. డికాషన్ టీ రంగులో పలచగా వస్తుంది. "ప్యూర్ బాగాలేదు" అని చాలా ఇళ్లలో వదిలేసేది ఇక్కడే. తప్పు పొడిది కాదు, కొలతది. ప్యూర్‌కి మారితే రెండు మార్పులు చేయాలి: పొడి 38 గ్రాములకి పెంచాలి, మర కొంచెం సన్నంగా పట్టమని చెప్పాలి. వేళ్ల మధ్య రుద్దితే సన్న రవ్వకి, మైదాకి మధ్యలో ఉండాలి. మరీ మైదాలా అయితే అదీ ఇబ్బందే, చిల్లుల్లోంచి కిందికి మడ్డి దిగుతుంది.

60:40ది దీనికి తలకిందులు. అరగంటైనా చుక్క చుక్కగానే దిగుతుంది, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు పై గిన్నెని కొంచెం పైకెత్తి మళ్లీ పెట్టండి. రెండు గిన్నెలూ బిగుతుగా కూర్చుంటే మధ్యలో ఆవిరి చిక్కుకుని డికాషన్‌ని దిగనివ్వదు. అప్పటికీ కదలకపోతే చిల్లులు పూడినట్టే. స్టీలు ఫిల్టరైతే ఖాళీ పై గిన్నెని పట్టకారుతో పట్టుకుని గ్యాస్ మంట మీద ఒక నిమిషం ఉంచితే చిల్లుల్లో ఇరుక్కున్న పొడి మాడి రాలిపోతుంది. చల్లారాక తట్టి కడగాలి. నెలకోసారి ఈ పని చేసే ఇంట్లో ఫిల్టర్ మొరాయించడం అరుదు.

పొడి ఏదైనా కొన్ని నియమాలు మారవు. డికాషన్‌ని నేరుగా పొయ్యి మీద మరిగించకూడదు, చేదు ఎక్కి వాసన పోతుంది. వేడి కావాలంటే వేడినీళ్ల గిన్నెలో పెట్టాలి. పాలు ఒక్క పొంగు వచ్చినవే వాడాలి. పొద్దుటి నుంచి సిమ్‌లో మరిగి మీగడ వాసన పట్టిన పాలల్లో ఎంత మంచి పొడి డికాషనైనా ఓడిపోతుంది. అదే పొడి మీద రెండోసారి నీళ్లు పోసి దించే డికాషన్‌లో రంగూ చేదూ తప్ప ఏమీ ఉండదు.

అరబికా ఎంత, రోబస్టా ఎంత

కాఫీ గింజల్లో ముఖ్యంగా రెండు రకాలు: అరబికా, రోబస్టా. చికోరీ గొడవలో పడి దీన్ని మరిచిపోతాం. మన దేశంలో పండే కాఫీలో సుమారు 70 శాతం రోబస్టాయే. పంటలో ఎక్కువ భాగం ఎగుమతి అవుతుంది, ఇటలీ పెద్ద గిరాకీ. కర్ణాటక ఒక్కటే దేశం పంటలో దాదాపు 70 శాతం ఇస్తుంది.

అంగట్లో "ప్లాంటేషన్" అంటే పండు తొక్క తీసి కడిగి ఆరబెట్టిన అరబికా. "చెర్రీ" అంటే పండు పండుగా ఎండబోసి తర్వాత పొట్టు తీసినది. "రోబస్టా పార్చ్‌మెంట్" అంటే కడిగిన రోబస్టా. "పీబరీ", అంగడివాళ్ల మాటలో పీబీ, పండులో రెండు గింజలకి బదులు ఒక్కటే గుండ్రంగా ఊరినది. గుండ్రంగా ఉండడంతో డ్రమ్ములో దొర్లి సమంగా వేగుతుంది, ఆ సుగుణం నిజమే. కానీ దాని కోసం చెల్లించే ఎక్కువ ధరకి తగ్గ తేడా పాల కాఫీలో పట్టుకోవడం కష్టం. ఆ డబ్బు చికోరీ తగ్గించడానికి వాడితే కప్పులో తేడా వెంటనే తెలుస్తుంది.

వట్టి అరబికా డికాషన్ సువాసనగా, కాస్త పులుపుగా ఉంటుంది, పాలు పోస్తే మెత్తబడుతుంది. రోబస్టా చేదు, దిట్టం, నురగ బాగా కడుతుంది. గింజలో కెఫీన్ అరబికాలో 1.2 శాతం దగ్గర, రోబస్టాలో 2.2 దగ్గర ఉంటుంది, అంటే దాదాపు రెట్టింపు. రాత్రి నిద్ర పట్టనివాళ్లు సాయంత్రం కప్పు మానే ముందు పొడిలో రోబస్టా వాటా ఎంతో అడిగి తెలుసుకోవాలి. పాల కాఫీకి మూడు వంతులు ప్లాంటేషన్ 'ఏ' గ్రేడు, ఒక వంతు రోబస్టా పార్చ్‌మెంట్ చక్కని కలయిక. ఇంత రోబస్టా ఉంటే చికోరీని 10 శాతానికి దించినా చిక్కదనం పోదు. నా దృష్టిలో చికోరీ తగ్గించుకోవాలనుకునే ఇంటికి ఇదే తేలిక దారి.

మన అరకు కాఫీ సంగతి ఇక్కడే చెప్పాలి. పాడేరు, చింతపల్లి, అరకు కొండల్లో సిల్వర్ ఓక్ నీడన, ఆ చెట్లకే మిరియాల తీగలు పాకించి గిరిజన రైతులు పండించేది అరబికా. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన సహకార సంస్థ రైతుల దగ్గర కొని పొడిగా కూడా అమ్ముతుంది. ఆ పొడి ప్యూర్‌గా తెచ్చి, ఏళ్ల తరబడి తాగిన 60:40 కొలతలోనే వేసి "పలచగా ఉంది, ఇంతేనా అరకు" అనడం అన్యాయం. 38 గ్రాముల కొలత వేయండి, పాలు మూడో వంతు తగ్గించండి, పంచదార మొదటి గుక్క తర్వాత చూసుకుని వేసుకోండి. అప్పుడు ఆ కొండ రుచి మాట్లాడుతుంది.

ఇన్‌స్టంట్

ఇది పొడి చేసిన గింజ కాదు. ఫ్యాక్టరీలో డికాషన్ తీసి, నీటిని తీసేస్తే మిగిలేది. వేడిగాలిలో చిమ్మి ఆరబెడితే స్ప్రే డ్రైడ్, గడ్డకట్టించి ఆరబెడితే ఫ్రీజ్ డ్రైడ్. మొదటిది చవక, వేడికి వాసన చాలా పోతుంది. రెండోది ఖరీదు, వాసన మెరుగ్గా నిలుస్తుంది. కిలో ఇన్‌స్టంట్‌కి రెండున్నర కిలోల పైచిలుకు పచ్చి గింజలు పడతాయి. పసుపు మార్కెట్‌కి పేరుపడ్డ దుగ్గిరాలలో ఇన్‌స్టంట్ కాఫీ తయారై విదేశాలకి వెళ్తోందని చాలామంది తెలుగువాళ్లకే తెలియదు.

దీంట్లోనూ చికోరీ ఉంటుంది. మన ఇళ్లలో బాగా వాడే సీసాల్లో 70:30వి ఎక్కువ, నూటికి నూరు కాఫీ ఉన్నవీ దొరుకుతాయి. హాస్టల్ గదికి, ప్రయాణానికి, ఆఫీసుకి, అర్ధరాత్రి వచ్చిన చుట్టానికి ఇదే సరైనది. చెంచా పొడిని ముందు రెండు చెంచాల వేడి నీళ్లలో కలిపి, తర్వాత పాలు పొయ్యండి. నేరుగా మరిగే పాలల్లో వేస్తే ఉండలు కడుతుంది. రోజూ రెండు కప్పులు తాగే ఇంట్లో మాత్రం పావుగంట ఫిల్టర్‌కి ఇవ్వడం దండగ కాదు.

ఖరీదు లెక్క

60:40 పొడి కిలో 600 రూపాయలు, చికోరీ కిలో 200 అనుకుందాం. కిలో పొడిలో 400 గ్రాముల చికోరీకి 80 రూపాయలు పోగా మిగిలిన 520 రూపాయలు 600 గ్రాముల కాఫీకి పడ్డట్టు. అంటే కాఫీ కిలో సుమారు 867. మీ ఊళ్లో ప్యూర్ పొడి ధరతో దీన్ని పోల్చండి. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే చవకగా కొన్నది ఏమీ లేదు, కాఫీ బదులు వేరు కొన్నారంతే. ప్యూర్ ధర మరీ ఎక్కువైతే 80:20కి ఇదే లెక్క వేయండి.

ఒకేసారి కిలో కొనకండి. 200 గ్రాములు, పది రోజులకి సరిపడా, కళ్ల ముందు మర పట్టించినది చాలు. మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టి రోజూ తీస్తూ పెడుతూ ఉంటే తేమ చేరుతుంది.

చెప్పిన పాళ్ల మీద అనుమానం వస్తే గాజు గ్లాసులో చల్లటి నీళ్లు పోసి అర చెంచా పొడి పైన మెల్లగా చల్లండి. కాఫీ పొడి కాసేపు నీటి మీదే తేలుతుంది. చికోరీ రేణువులు క్షణాల్లో మునుగుతూ వెనక గోధుమరంగు చారలు వదులుతాయి. ఎంత శాతమో ఇది చెప్పదు గానీ, "ప్యూర్" అని కొన్న పొడిలో ఆ చారలు వేలాడితే ప్యాకెట్ తీసుకుని అంగడికి తిరిగి వెళ్లవచ్చు.